స్క్రీన్ లేని సర్వర్‌లో త్రీడీ మోడల్ మార్చడం ఎలా

మోడల్ ఫైలు సర్వర్‌లో ఉంటుంది, ఆ సర్వర్‌కి స్క్రీన్ ఉండదు, మౌస్ ఉండదు, మీ చేతిలో ఉండేది ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే, అంటే దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి. ఆ మోడల్ సైజు మార్చాలి, లేదా నిలువుగా తిప్పాలి, లేదా రంధ్రాలు మూసి, ఉపరితలాన్ని కట్టే త్రిభుజాలు తగ్గించి త్రీడీ ప్రింటర్‌కి పంపాలి. ఇలాంటప్పుడు చాలామంది ఫైలు మొత్తాన్ని ల్యాప్‌టాప్‌కి దించుకుని, అది తెరుచుకునేదాకా ఎదురుచూసి, మార్చి, మళ్ళీ పైకి ఎక్కిస్తారు. ఒక ఫైలైతే సరే. ఫోల్డర్ నిండా ఫైళ్ళుంటే ఆ పద్ధతి పనికిరాదు. అక్కడికక్కడే చేసుకోవచ్చు, అన్నీ ఉచిత టూల్సే, పైగా ఒకసారి రాసిపెట్టుకున్న స్క్రిప్ట్ రేపు వచ్చే ఫైలుకీ పనికొస్తుంది.

ఇందులో అలవాటు పడాల్సింది ఒకటే: మోడల్ కనిపించదు కాబట్టి కొలిచి తెలుసుకోవాలి. ఎన్ని వెర్టెక్స్‌లు (త్రిభుజాల మూలల బిందువులు), ఎన్ని త్రిభుజాలు, పొడవు వెడల్పు ఎత్తు ఎంత, ఉపరితలం ఎక్కడా తెరిచి లేకుండా మూసుకుని ఉందా లేదా. ఈ నాలుగూ ప్రతి మార్పుకీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసుకుంటే చీకట్లో పనిచేస్తున్నట్టే ఉండదు. చూసుకోకపోతే మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో ప్రింట్ బయటికొచ్చాక గానీ తెలియదు.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. కమాండ్లని ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి. "మైనస్ మైనస్" అన్నచోట రెండు హైఫన్లు పక్కపక్కన పెట్టి, తర్వాతి పదాన్ని ఖాళీ లేకుండా కలిపి కొట్టండి.

సాధనకి ఏ ఫైలు తీసుకోవాలి

స్టాన్‌ఫర్డ్ కుందేలు తీసుకోండి. 1994లో గ్రెగ్ టర్క్, మార్క్ లెవోయ్ ఒక మట్టి కుందేలు బొమ్మని స్కాన్ చేసి తయారుచేసిన మోడల్ ఇది, గ్రాఫిక్స్ చదివినవాళ్ళకి ఎక్కడో ఒకచోట ఎదురై ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ స్కానింగ్ రిపాజిటరీలో దొరుకుతుంది. అందులో బన్ జిప్పర్ అనే పీఎల్‌వై ఫైలు మనకి కావాల్సింది (పీఎల్‌వై అనేది త్రీడీ మోడళ్ళ ఫైలు ఫార్మాట్లలో ఒకటి). నిజంగా స్కాన్ చేసిన వస్తువు కాబట్టి నిజం స్కాన్లలో ఉండే తలనొప్పులన్నీ ఇందులో ఉన్నాయి, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఫైలు నాకు తెలియదు.

ముందు కాపీ. ఒరిజినల్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టి, సీహెచ్‌మాడ్‌తో రాసే పర్మిషన్ తీసేయండి. మార్పులన్నీ కాపీ మీదే, ప్రతి దశ ఫలితం కొత్త పేరుతోనే. దీని గురించి ఇంతకన్నా చెప్పను, కానీ ఇది మానొద్దు.

ఇప్పుడు ఫైలుని తెరవకుండా చూడాలి. క్యాట్ కొట్టకండి, లక్ష లైన్లు స్క్రీన్ మీద పారతాయి, బైనరీ ఫైలైతే టెర్మినల్ అక్షరాలే పాడైపోతాయి. హెడ్ మైనస్ ఎన్ 12 అని కొట్టండి. ఈ ఫైలు హెడర్, అంటే మొదట్లో ఉండే వివరాల భాగం, సరిగ్గా 12 లైన్లు. ఫార్మాట్ ఆస్కీ (మామూలు టెక్స్ట్) అని, వెర్టెక్స్‌లు 35,947 అని, ఫేస్‌లు (ఇక్కడ త్రిభుజాలు) 69,451 అని అక్కడే రాసి ఉంటుంది. ఏ పీఎల్‌వై ఫైలుకైనా హెడర్ ఇలా చదవగలిగే అక్షరాల్లోనే ఉంటుంది, కింద డేటా బైనరీలో ఉన్నా సరే.

ఆ 69,451 చూశారా, బేసి సంఖ్య. ఎక్కడా తెరిచి లేని త్రిభుజాల మోడల్‌లో ప్రతి అంచునీ రెండు త్రిభుజాలు పంచుకుంటాయి, అంటే త్రిభుజాల సంఖ్యని మూడుతో గుణించి రెండుతో భాగిస్తే అంచుల సంఖ్య రావాలి, అది పూర్ణసంఖ్య కావాలంటే త్రిభుజాలు సరి సంఖ్యలోనే ఉండాలి. బేసి వచ్చిందంటే ఈ కుందేలు ఎక్కడో తెరిచి ఉందని హెడర్ చదివినప్పుడే తెలిసిపోయింది. నిజంగానే దాని అడుగున రంధ్రాలున్నాయి. అయితే సరి సంఖ్య వచ్చినంత మాత్రాన మూసుకుని ఉన్నట్టు కాదు. ఇదే కుందేలు చిన్న వెర్షన్‌లో 948 త్రిభుజాలున్నాయి, సరి సంఖ్యే, దాన్ని మాత్రం విడిగా పరీక్షించి తీరాల్సిందే.

టూల్స్ పెట్టుకోవడం

పైథాన్‌లో రెండు లైబ్రరీలు చాలు, ట్రైమెష్, పైమెష్‌ల్యాబ్. కొత్త డెబియన్, ఉబుంటు సర్వర్లలో నేరుగా పిప్ ఇన్‌స్టాల్ అంటే సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోవద్దని ఎర్రర్ ఇస్తుంది. దాన్ని బలవంతంగా దాటే ఫ్లాగ్ ఉంది, అది వాడకండి, పైథాన్3 మైనస్ ఎమ్ వీఎన్వ్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో పెట్టుకోండి. పైమెష్‌ల్యాబ్ ఇంపోర్ట్ చేయగానే లిబ్ జీఎల్ దొరకలేదని ఆగిపోతే కంగారు వద్దు, స్క్రీన్ లేని సర్వర్లలో ఆ లైబ్రరీ మామూలుగా ఉండదు. యాప్ట్‌తో లిబ్‌జీఎల్1 ఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. మెష్‌ల్యాబ్‌సర్వర్ అనే పాత కమాండ్ గురించి ఎక్కడైనా చదివితే పక్కన పెట్టేయండి, దాని స్థానంలోకే పైమెష్‌ల్యాబ్ వచ్చింది.

కుందేలుని ప్రింటర్‌కి సిద్ధం చేయడం

ట్రైమెష్ డాట్ లోడ్‌తో ఫైలు ఎక్కించి, బౌండ్స్ (మూడు దిశల్లో మోడల్ హద్దులు), ఈజ్ అండర్‌స్కోర్ వాటర్‌టైట్ (ఎక్కడా తెరిచి లేకుండా మూసుకుని ఉందా) ప్రింట్ చేయించండి. వాటర్‌టైట్ కాదనే వస్తుంది, అది మనకి ముందే తెలుసు. వెర్టెక్స్‌లు 35,947 బదులు 34,834 అని కనిపిస్తే ఏదో పోయిందనుకోకండి. ఈ ఫైలులో 1,113 వెర్టెక్స్‌లు ఏ త్రిభుజంలోనూ లేవు, శుభ్రం చేసే టూల్ ఏదైనా వాటిని తీసేస్తుంది.

బౌండ్స్ చూస్తే అసలు విషయం బయటపడుతుంది. గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేస్తే ఎక్స్ దిశలో సుమారు 0.156, వై దిశలో 0.154, జెడ్ దిశలో 0.121. ఇవి మీటర్లు. ప్రింట్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైలులో యూనిట్ రాసే చోటే లేదు, స్లైసర్లు (మోడల్‌ని ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్లు) మామూలుగా మిల్లీమీటర్లు అనుకుంటాయి, అంటే దీన్ని ఉన్నదున్నట్టు పంపితే ఆవగింజకన్నా ఎంతో చిన్న కుందేలు వస్తుంది. కాబట్టి అప్లై అండర్‌స్కోర్ స్కేల్‌తో 1000 రెట్లు పెంచాలి.

ఇంకోటి, ఈ మోడల్‌కి పైదిక్కు వై. ప్రింటర్‌కి పైదిక్కు జెడ్. అలాగే వదిలేస్తే కుందేలు పక్కకి పడుకుంటుంది. ట్రైమెష్‌లోని రొటేషన్ మ్యాట్రిక్స్ ఫంక్షన్‌తో ఎక్స్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పండి, కోణం రేడియన్లలో ఇవ్వాలి, అంటే పై (π) అనే స్థిరాంకాన్ని 2తో భాగించినంత. తిప్పాక మళ్ళీ బౌండ్స్ చూడండి, ఇప్పుడు సుమారు 156, 121, 154 రావాలి. వై, జెడ్ అంకెలు తారుమారయ్యాయి అంటే తిరిగింది. కానీ తలకిందులుగా తిరిగినా ఈ మూడు అంకెలు ఇలాగే ఉంటాయి, కాబట్టి జెడ్ కనిష్ఠం ఎంతో చూడాలి. సరిగ్గా తిరిగితే అది సుమారు ప్లస్ 33 ఉంటుంది. తలకిందులైతే మైనస్ 187 దగ్గర ఉంటుంది. ఆ ప్లస్ 33 అంటే ఇంకో సంగతి కూడా, కుందేలు నేలకి 33 మిల్లీమీటర్ల ఎత్తులో గాల్లో ఉంది. జెడ్ కనిష్ఠాన్ని మైనస్ చేసి అప్లై అండర్‌స్కోర్ ట్రాన్స్‌లేషన్‌తో కిందికి దించండి. దించాక దాన్ని ఒక కొత్త పీఎల్‌వైగా రాసిపెట్టండి.

రంధ్రాల దగ్గర కాస్త ఓపిక కావాలి. ట్రైమెష్‌లో ఫిల్ హోల్స్ ఉంది గానీ, అది మూడు నాలుగు అంచులున్న చిన్న రంధ్రాలనే మూస్తుంది, కుందేలు అడుగున ఉన్నవి పెద్దవి. అందుకే ఇక్కడ పైమెష్‌ల్యాబ్‌కి మారాలి. మెష్‌సెట్ ఒకటి తెరిచి, లోడ్ చేసి, మెషింగ్ అండర్‌స్కోర్ క్లోజ్ అండర్‌స్కోర్ హోల్స్ పిలవండి. దీనికి మ్యాక్స్ హోల్ సైజ్ అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలు విలువ 30. అది మిల్లీమీటర్లు కాదు, రంధ్రం చుట్టూ ఉన్న అంచుల సంఖ్య. అంతకన్నా ఎక్కువ అంచులున్న రంధ్రాన్ని ఎర్రర్ ఇవ్వకుండానే వదిలేస్తుంది, పని అయిపోయిందని మనం అనుకుంటాం. 300 ఇచ్చి చూడండి, తర్వాత వాటర్‌టైట్ పరీక్ష మళ్ళీ చేయండి. ఇంకా కాదంటే విలువ పెంచండి. మోడల్‌లో ఒకే అంచుని మూడు నాలుగు త్రిభుజాలు పంచుకుంటుంటే ఈ ఫిల్టర్ పనిచేయనని ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు ముందుగా అలాంటి అంచుల్ని (వీటినే నాన్ మ్యానిఫోల్డ్ అంటారు) రిపేర్ చేసే ఫిల్టర్ నడిపి, ఆ తర్వాత ఇది నడపాలి.

మూశాక త్రిభుజాలు తగ్గించండి, ముందు కాదు. తెరిచి ఉన్న అంచులతో తగ్గిస్తే ఆ అంచులు వంకర పోయి తర్వాత మూయడం కష్టమవుతుంది. క్వాడ్రిక్ ఎడ్జ్ కొలాప్స్ అనే డెసిమేషన్ ఫిల్టర్‌కి టార్గెట్ ఫేస్ నంబర్ 20,000 ఇవ్వండి. అరచేతి సైజు బొమ్మకి అది చాలు. తర్వాత ట్రైమెష్‌లో ఆయిలర్ నంబర్ (వెర్టెక్స్‌ల నుంచి అంచులు తీసేసి త్రిభుజాలు కలిపితే వచ్చేది) చూడండి, ఎక్కడా తూట్లు లేని ఒకే ముక్క మోడల్‌కి అది 2 రావాలి. చేత్తో కూడా లెక్కేసుకోవచ్చు, త్రిభుజాల్లో సగం తీసుకుని 2 కలిపితే వెర్టెక్స్‌ల సంఖ్య. 20,000 త్రిభుజాలైతే 10,002 వెర్టెక్స్‌లు. ఈ లెక్క కుదిరి, వాటర్‌టైట్ కూడా నిజమని వస్తే మీ కుందేలు మూసుకున్నట్టే. వాల్యూమ్ అడగాల్సింది కూడా ఇప్పుడే, తెరిచి ఉన్న మోడల్‌కి వచ్చే వాల్యూమ్ అంకెకి అర్థం లేదు.

చివరగా బైనరీ ఎస్‌టీఎల్‌గా రాయండి. ఈ ఫార్మాట్‌ని పరీక్షించడానికి టూల్ కూడా అక్కర్లేదు, ఎల్ఎస్ మైనస్ ఎల్ చాలు. 80 బైట్ల హెడర్, 4 బైట్ల లెక్క, ఆపైన ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు. 20,000 త్రిభుజాలైతే ఫైలు సైజు కచ్చితంగా 10,00,084 బైట్లు ఉండాలి, ఒక్క బైటు తగ్గినా రాయడం మధ్యలో ఆగిపోయిందని అర్థం. ఫైలు మొదట్లో సాలిడ్ అనే పదం ఉంటే అది టెక్స్ట్ ఎస్‌టీఎల్ అని కొందరు చెబుతారు, దాన్ని నమ్మకండి, కొన్ని సాఫ్ట్‌వేర్లు బైనరీ హెడర్‌లోనూ అదే పదం రాస్తాయి. సైజు లెక్కే నమ్మదగింది.

మీ చేతిలో ఉన్నది ముందునుంచే ఎస్‌టీఎల్ అయితే, చేయాల్సింది చిన్న మార్పే అయితే, పైథాన్ కూడా వద్దు. యాడ్‌మెష్ అని చిన్న కమాండ్ ఉంది, యాప్ట్‌లోనే దొరుకుతుంది. అంగుళాల్లో గీసిన పార్ట్ వస్తే మైనస్ మైనస్ స్కేల్ ఈక్వల్స్ 25.4 ఇస్తే మిల్లీమీటర్లలోకి వస్తుంది. రాయమని విడిగా చెప్పకపోతే ఇది ఏమీ సేవ్ చేయదు, మైనస్ మైనస్ రైట్ హైఫన్ బైనరీ హైఫన్ ఎస్‌టీఎల్ ఈక్వల్స్ అని కొత్త ఫైలు పేరు ఇవ్వాలి.

ఓబీజే ఫైళ్ళు: సెడ్, ఆక్ చాలు, కానీ జాగ్రత్త

ఓబీజే కూడా త్రీడీ మోడల్ ఫార్మాటే, పూర్తిగా టెక్స్ట్, అందుకే సెడ్, ఆక్ అనే టెక్స్ట్ మార్చే కమాండ్లు దీనికి సరిపోతాయి. వి తో మొదలయ్యే లైను వెర్టెక్స్, ఎఫ్ తో మొదలయ్యేది ఫేస్. టెక్స్చర్ (ఉపరితలం మీద అతికే బొమ్మ) కనిపించడం లేదంటే ఎక్కువసార్లు కారణం పక్కనే ఉన్న ఎమ్‌టీఎల్ (మెటీరియల్ వివరాల) ఫైలులో ఎవరిదో విండోస్ కంప్యూటర్ ఫోల్డర్ దారి రాసి ఉండటం, గ్రెప్‌తో మ్యాప్ అండర్‌స్కోర్ కేడీ లైన్లు చూసి సెడ్‌తో ఆ దారి తీసేసి ఉత్త ఫైలు పేరు ఉంచితే అయిపోతుంది. విండోస్‌కి ఆ పేరులో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా పట్టదు, లినక్స్‌కి పడుతుంది, అది కూడా చూసుకోండి. వెర్టెక్స్ లైన్లని మాత్రం సెడ్‌తో తీసేయకండి. ఫేస్ లైన్లు మామూలుగా వెర్టెక్స్‌లని 1 నుంచి మొదలయ్యే వరుస నంబర్లతో పిలుస్తాయి, పైన ఒక్క లైను పోతే కిందవన్నీ జరిగిపోయి మోడల్ చిందరవందర అవుతుంది.

స్కేల్ చేయడానికి ఆక్‌లో ఒక్క లైను చాలు, మొదటి పదం వి అయితే రెండు, మూడు, నాలుగో పదాల్ని గుణించు అని. అయితే ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది, డ్రోన్ సర్వే మోడళ్ళతో పనిచేసేవాళ్ళు ఇది తప్పకుండా చదవాలి. డ్రోన్ మోడల్ తరచూ యూటీఎం కోఆర్డినేట్లలో వస్తుంది, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతిలో. హైదరాబాద్ యూటీఎం 44వ జోన్‌లో ఉంది, అక్కడ నార్తింగ్ (భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం) 19 లక్షల మీటర్ల పైన ఉంటుంది, అంటే దశాంశ బిందువుకి ముందే ఏడు అంకెలు. ఆక్ మామూలుగా లెక్కించిన దశాంశ సంఖ్యని ఆరు అంకెలకే కుదించి రాస్తుంది. మీటర్ల కింది వివరమంతా ఒక్క దెబ్బకి పోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. కన్వ్ఎఫ్ఎమ్‌టీ, ఓఎఫ్ఎమ్‌టీ అనే రెండు సెట్టింగులు మార్చాలి, లేదా ప్రింట్ఎఫ్ వాడి ఎన్ని దశాంశాలు కావాలో మీరే చెప్పాలి.

అది దాటినా ఎస్‌టీఎల్‌లోకి మార్చేటప్పుడు ఇంకో దెబ్బ ఉంది. బైనరీ ఎస్‌టీఎల్ ప్రతి కోఆర్డినేట్‌ని 32 బిట్లలో దాస్తుంది. 19 లక్షల దగ్గర 32 బిట్ల ఫ్లోట్ వేయగలిగే అతి చిన్న అడుగు 0.125 మీటరు. అంటే పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్లు. నున్నటి గోడ కాస్తా మెట్లమెట్లుగా కనిపిస్తుంది, డ్రోన్‌దో కెమెరాదో తప్పనుకుని మళ్ళీ సర్వేకి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. పరిష్కారం సులువు: ఏ మార్పుకన్నా ముందు, ప్రతి వెర్టెక్స్ నుంచి ఒక గుండ్రటి సంఖ్య తీసేయండి, ఉదాహరణకి నార్తింగ్ నుంచి 19,00,000. మోడల్ సున్నాకి దగ్గరగా వస్తుంది, వివరం నిలబడుతుంది. తీసేసిన సంఖ్యల్ని అదే ఫోల్డర్‌లో చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టండి, తర్వాత మ్యాప్ మీద తిరిగి కూర్చోబెట్టాలంటే అవే కావాలి.

జీఎల్‌బీ ఫైళ్ళు

వెబ్‌లో చూపించే మోడళ్ళు ఇప్పుడు ఎక్కువగా జీఎల్‌టీఎఫ్, జీఎల్‌బీ రూపంలో ఉంటాయి. జీఎల్‌టీఎఫ్ అయితే జేసన్ టెక్స్ట్, జేక్యూ అనే కమాండ్‌తో మెటీరియల్ పేరో రంగో మార్చుకోవచ్చు. జీఎల్‌బీ దాని బైనరీ రూపం, దాన్ని సెడ్‌తో ముట్టుకోకండి, లోపల ప్రతి భాగం పొడవు బైట్లలో రాసి ఉంటుంది, ఒక అక్షరం పెరిగితే ఫైలు తెరుచుకోదు. ఎన్‌పీఎమ్‌లో జీఎల్‌టీఎఫ్ ట్రాన్స్‌ఫామ్ అనే టూల్ ఉంది, ముందు ఇన్‌స్పెక్ట్ నడపండి. నా అనుభవంలో బరువైన జీఎల్‌బీలో బరువు త్రిభుజాలది కాదు, టెక్స్చర్లది. రీసైజ్‌తో టెక్స్చర్‌ని 1024 పిక్సెళ్ళకి తగ్గించి చూశాకే త్రిభుజాల జోలికి వెళ్ళండి. ట్రైమెష్‌లో జీఎల్‌బీ తెరిస్తే మెష్ కాకుండా సీన్ వస్తుంది, దాన్ని బలవంతంగా ఒకే మెష్ చేస్తే భాగాల విభజన పోతుంది, మెటీరియల్స్ కూడా దెబ్బతినొచ్చు.

బ్లెండర్ ఎప్పుడు అవసరం

మోడిఫయర్లు, యూవీలు (టెక్స్చర్ ఎక్కడ అతకాలో చెప్పే కోఆర్డినేట్లు), యానిమేషన్, బ్లెండ్ ఫైళ్ళు ఉంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ తప్పదు. మైనస్ మైనస్ బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే కిటికీ తెరవకుండా నడుస్తుంది, మైనస్ మైనస్ పైథాన్ తర్వాత మీ స్క్రిప్ట్ పేరు. మీ సొంత ఆర్గ్యుమెంట్లు ఒంటరిగా నిలబడ్డ రెండు హైఫన్ల తర్వాత ఇవ్వాలి, వాటి తర్వాత ఏమున్నా బ్లెండర్ పట్టించుకోదు. ముందు ఇచ్చిన ఆప్షన్లని మాత్రం వరుసలోనే అమలు చేస్తుంది, కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్నది ముఖ్యం.

రెండు విషయాలు గట్టిగా చెబుతాను. ఒకటి, బ్లెండర్ మొదలవగానే ఒక క్యూబ్, కెమెరా, లైటు ఉంటాయి. స్క్రీన్ ముందు ఉంటే ఆ క్యూబ్ కనిపిస్తుంది, తీసేస్తాం. ఇక్కడ కనిపించదు, మీ మోడల్‌తో పాటు ఎక్స్‌పోర్ట్ అయిపోతుంది. స్క్రిప్ట్ మొదట్లోనే రీడ్ ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌ని యూజ్ ఎంప్టీ నిజం అని పిలిచి ఖాళీ సీన్‌తో మొదలెట్టండి. రెండు, మీ స్క్రిప్ట్ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగినా బ్లెండర్ షెల్‌కి అంతా బాగానే అయిందనే చెబుతుంది. వరుసగా కమాండ్లు పెట్టుకుంటే తర్వాతి కమాండ్ పాత ఫైలు మీద నడిచిపోతుంది. మైనస్ మైనస్ పైథాన్ హైఫన్ ఎగ్జిట్ హైఫన్ కోడ్ 1 అని, స్క్రిప్ట్‌ని పిలిచే మైనస్ మైనస్ పైథాన్ కన్నా ముందే ఇవ్వండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత స్క్రిప్టులు ఓబీజే దగ్గర ఆగిపోతే కారణం, 4.0 నుంచి పాత ఇంపోర్ట్ ఆపరేటర్ లేదు, ఇప్పుడు డబ్ల్యూఎం కింద ఓబీజే ఇంపోర్ట్ అని ఉంది.

సర్వర్ సంగతులు

పెద్ద పని ఏదైనా టీమక్స్ లోపల మొదలెట్టండి, నెట్ పోయినా పని ఆగదు. ప్రోగ్రామ్ ఏ వివరమూ లేకుండా కిల్డ్ అని ఒక్క పదం ప్రింట్ చేసి పోతే మెమరీ అయిపోయి ఉంటుంది, డీమెస్‌జీలో చూస్తే కెర్నల్ దాన్ని చంపినట్టు రాసి ఉంటుంది. త్రిభుజాలు తగ్గించే పనికి ఫైలు సైజుకి ఎన్నో రెట్ల మెమరీ కావాలి, కాబట్టి చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) మీద ఒకేసారి నాలుగు ఫైళ్ళు నడపకండి, ఒక్కొక్కటిగా నడపండి. ఫోల్డర్ మొత్తానికి లూప్ రాసేటప్పుడు ఫైలు పేరున్న వేరియబుల్ చుట్టూ కోట్స్ పెట్టండి, ఫలితాలు వేరే ఫోల్డర్‌లోకి పంపండి, ప్రతి ఫైలుకీ త్రిభుజాలు, కొలతలు, వాటర్‌టైట్ అవునా కాదా అన్నది ఒక లైనుగా సీఎస్‌వీలో రాయించండి. ఆ సీఎస్‌వీని కొలతల వారీగా సార్ట్ చేస్తే వెయ్యి రెట్లు తేడా ఉన్న ఫైలు పైనో కిందో దొరికిపోతుంది.

అంకెలన్నీ కుదిరాక కూడా ఒకసారి కంటితో చూడాలనిపిస్తే, చూడాలి కూడా, మోడల్ మొత్తం దించుకోనక్కర్లేదు. అదే డెసిమేషన్ ఫిల్టర్‌కి 1,000 ఇచ్చి ఒక చిన్న నమూనా చేయించండి, అది 50 కేబీ చిల్లర, ఎస్‌సీపీతో క్షణంలో వస్తుంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. తల పైకి ఉందా, అడుగు మూసుకుందా అన్నది చూడటానికి ఆ వెయ్యి త్రిభుజాలు చాలు. పూర్తి ఫైలు పంపేటప్పుడు రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ256సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్ ఇచ్చే కమాండ్) నడిపి పోల్చుకోండి, రెండూ ఒకటే వస్తే ప్రింట్‌కి ఇచ్చేయొచ్చు.